తాతగారి పైపు: ఎర్రచందనమా, బ్రయరా?

ప్రశ్న (చిత్తూరు నుంచి):
సభ్యులందరికీ నమస్కారం. చిత్తూరు కలెక్టరు కచేరీలో గుమాస్తాగా పనిచేసిన మా తాతగారి ట్రంకు పెట్టెలో ఒక పాత పొగాకు పైపు దొరికింది. మెడ దగ్గరి వెండి కట్టు మీద లంగరు, నడుస్తున్న సింహం, ఒక అక్షరం సన్నగా కనబడుతున్నాయి. గిన్నె ఎర్రగా ఉండడం చూసి ఇది ఎర్రచందనమని, ఇంట్లో ఉంచుకుంటే అటవీశాఖతో చిక్కులు తప్పవని పక్కింటి పెద్దాయన అంటున్నారు. నోటి గొట్టం ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరిగి, బిగుసుకుపోయింది. వెండిని విభూదితో తోమి ఇస్తానని అమ్మ అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం (తిరుపతి నుంచి):
అయ్యా, దయచేసి ముందు ఆ విభూదిని ఆపించండి. ఆ పైపు వయసు తెలిపే ఆధారం ఆ మూడు గుర్తులే; వెండి సామానుకు మెరుపు తెచ్చే రాపిడికే అవి కొంచెం కొంచెంగా అరిగిపోతాయి. లంగరు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో వెండి శుద్ధిని పరీక్షించి ముద్ర వేసే శాలది. సింహం ఆ వెండి వెయ్యికి 925 పాళ్ల శుద్ధి కలదని చెబుతుంది. అక్షరం పరీక్షించిన సంవత్సరానిది, కానీ సుమారు పాతికేళ్లకొకసారి వరస మళ్లీ మొదలవుతుంది కనుక అక్షరం ఒక్కటే చాలదు, దాని రాత తీరును, చుట్టూ ఉన్న గడి ఆకారాన్ని కూడా ఆ శాల సంవత్సరాక్షరాల పట్టికతో పోల్చాలి. అయితే విరిగిన మెడకు తరువాత కట్టు వేయించి ఉంటే ఆ సంవత్సరం కట్టుదే, కొయ్యది కాదు.

ఎర్రచందనం భయం వద్దని నా అభిప్రాయం. మన శేషాచలం కొండల చెట్టు మీద ఇక్కడివారికి చూపు ఎక్కువ కాబట్టి ఎర్రని కొయ్య కనబడితే ఆ మాటే వస్తుంది. ఇటువంటి పైపులు సాధారణంగా బ్రయరుతో చేసినవి: మధ్యధరా తీరంలో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద వేరు మొదట్లో ఊరే గడ్డ అది. 19వ శతాబ్దం మధ్య నుంచి ఫ్రాన్సులోని సెయింట్ క్లోడ్ ఊరు దీనికి పేరు పొందింది. గడ్డను గంటల తరబడి ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టి చెక్కుతారు; ఎరుపు చాలావరకు పైన పట్టించిన రంగే. భూతద్దంతో చూస్తే పక్షి కళ్లవంటి చుక్కలు గానీ, నిప్పుకీలల వంటి చారలు గానీ కనబడతాయి. ఎర్రచందనం నీటిలో మునుగుతుందని ఎవరైనా పరీక్ష చెప్పినా, పైపును మాత్రం నీటిలో వేయకండి.

గొట్టం సంగతి: అది గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు, వల్కనైటు. వెలుతురు సోకి రంగు మారింది. పైపును సంచిలో కట్టి అరగంట ఫ్రీజరులో ఉంచి, గిన్నెను కాక మెడను పట్టుకుని ఒకే వైపుకు మెల్లగా తిప్పండి. బలం పెడితే మెడ చీలుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి, గొట్టం ఊడింది. ఆ రంగు పోగొట్టడానికి ఏం వాడాలి?

సమాధానం:
పెయింటర్లు వాడే వాటర్ పేపరును 800 నంబరుతో మొదలుపెట్టి 2000 దాకా, తడిపి, తేలికగా రుద్దండి. గొట్టం మీద చిన్న ముద్ర ఉంటే దాని జోలికి పోకండి. తరువాత ఎండ తగలని అలమరలో పెట్టండి.