పుంస్కోకిలలో ‘పుం’ ఎందుకు?

కుమారసంభవం మూడో సర్గలో వసంతం దిగే చోట కాళిదాసు మాట ఇది: ‘చూతాంకురాస్వాదకషాయకంఠః పుంస్కోకిలో యన్మధురం చుకూజ’. మామిడి చిగురు రుచికి గొంతు కషాయమైన మగకోయిల తీయగా కూసిందట. తాత్పర్యం చెప్పేటప్పుడు చాలామంది ‘కోయిల’ అని ఊరుకుంటారు. ‘పుం’ అంటే మగ; దాన్ని వదిలేయొద్దని నా మనవి.

ఈ ఫాల్గుణంలో పర్లాకిమిడిలో మహేంద్రతనయ నది గట్టు వెంట కొందరం పొద్దున్నే పిట్టల్ని చూడ్డానికి నడిచాం. లకుముకి, పాలపిట్ట, జెముడుకాకి అన్నీ కనబడ్డాయి. మర్రిచెట్టులో మాత్రం ఒక పిట్ట దగ్గర అందరం ఆగిపోయాం. గోధుమరంగు ఒళ్లు, ఒంటినిండా తెల్ల చుక్కలు, తోక మీద చారలు. డేగజాతిదేమో అన్నారు ఒకరు. అది ‘కిక్ కిక్ కిక్’ అని అరిచి ఆకుల్లోకి దూరింది. అదే ఆడకోయిల! పైకొమ్మన నిగనిగలాడే నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లతో ‘కుహూ’ అని గొంతెత్తింది మగది.

మన తెలుగేమో ఆ గొంతును ఆడవాళ్లకిచ్చింది. కోయిలమ్మ అంటాం. కలకంఠమంటే కోయిల, దాన్నుంచే కలకంఠి. అందమైన మాటలే, పోగొట్టుకోవద్దు. పిల్లలకు పద్యం చెప్పేటప్పుడు మాత్రం చెట్టు మీది నిజం కూడా చెప్పాలి.

— మేస్టారూ, ‘కాకః కృష్ణః పికః కృష్ణః’ సంగతో? కాకీ నలుపే, కోయిలా నలుపే, వసంతమొస్తేనే ఏది ఏదో తెలుస్తుందని కదా.

— మంచి మాట అందించారమ్మా. నల్లనిది మగదే కనక ఆ శ్లోకం కూడా మగకోయిలదే. పైగా అందులో వచ్చేది వసంతం, కోయిల కాదు. అదీ సరైనదే. కోయిల మన దగ్గర ఏడాది పొడుగునా ఉంటుంది, చలికాలంలో గొంతు విప్పదంతే.

— మరి మామిడి చిగురు నిజంగా తింటుందాండీ?

— పెద్ద కోయిలల తిండి ముఖ్యంగా పళ్లు: మర్రి, రావి, వేప. చిగురు తినడం కవిసమయం, అంటే కవులు ఆనవాయితీగా చెప్పే మాట. కోయిలకున్న ‘పరభృతము’ (పరులు పెంచినది) అనే పేరు అలా కాదు, అచ్చంగా చూసి పెట్టింది. గుడ్డు కాకి గూట్లో, పెంపకం కాకిది.

— మా బరంపురంలో ఒడియావాళ్లు ‘కోయిలి’ అంటారు. ఆడదానికి వేరే పేరు నేను వినలేదు.

— అదే నాకూ కావాలండీ. వాడుకమాట కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో ఒడిశాలో కలిసినా ఇళ్లల్లో తెలుగు నిలిచే ఉంది. ఆ చుక్కల పిట్టను మీ అమ్మమ్మలు, పొలం పనివాళ్లు ఏమనేవారో, ఏ ఊరి మాటో రాసి ఇక్కడ పెట్టండి.