అసలు విమానం మీద లేని నల్లగీతలు మోడల్‌కు ఎందుకు?

తీరంగాలి
విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలిపిన నౌకాదళ పాత గస్తీ విమానం టీయూ-142 రెక్క కింద నిలబడి ఎప్పుడైనా తదేకంగా చూశారా? నాలుగడుగులు వెనక్కి వేస్తే చాలు, రేకుల అతుకులు రంగులో కలిసిపోతాయి. మనం మాత్రం 1/72 మోడల్ (అసలు విమానంలో 72వ వంతు కొలతలది) మీద ప్రతి అతుకులోనూ ముదురు వాష్, అంటే బాగా పలచన చేసిన రంగు, పారిస్తాం. ప్రతి రేకు నడిమి భాగాన్నీ లేతగా చేస్తాం. చివరికి విమానం గళ్ళ లుంగీలా తయారవుతుంది. నా వాదన ఒకటే. అసలు విమానానికి ఎలా రంగు వేస్తారో మోడల్‌కూ అలాగే వేయాలి: ప్రైమర్ (అడుగు పూత), దాని మీద సమానంగా రంగు, గుర్తులు, అంతే. మిగిలినదంతా పోటీల్లో బహుమతుల కోసం చేసే అలంకారం.

గాజువాక కిట్లు
పూత మందం కూడా అసలుదే తీసుకుంటారా? విమానం మీద ప్రైమరూ పైరంగూ కలిపి దాదాపు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. దాన్ని 72తో భాగిస్తే ఒకటిన్నర మైక్రాన్ కూడా రాదు. అంత పలచగా వేస్తే అడుగున ప్లాస్టిక్ కనబడుతుంది. మన ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న పరికరం) పూత 25 మైక్రాన్లు అనుకున్నా, 72 రెట్లు పెంచితే 1.8 మిల్లీమీటర్లు. అసలు పద్ధతి మొదటి పూతలోనే దారి తప్పుతుంది.

హ్యాంగర్ పాతకాపు
విమానాల నిర్వహణలో పనిచేసి రిటైరైనవాణ్ని. తీరంగాలి గారూ, అక్కడ రంగు ముందుగా కవచం, ఆ తర్వాతే రూపం. అల్యూమినియానికి ఉప్పు గాలి శత్రువు. అందుకే పాత పూత తీసి, జిడ్డు కడిగి, రసాయనంతో లోహాన్ని సిద్ధం చేసి, తుప్పును ఆపే ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, ఆపైన పాలియూరిథేన్ రంగు వేస్తారు. ఆ రంగును గట్టిపరిచే ద్రవంలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి కాబట్టి, బయటి నుంచి గాలి అందే ముసుగు వేసుకుంటారు. తోకలోని రడ్డర్, ఎలివేటర్ లాంటి కదిలే భాగాలకు రంగు మార్చాక వాటి తూకం మళ్ళీ సరిచూడాలి. లేకపోతే గాలిలో ప్రమాదకరమైన అదురు పుట్టవచ్చు. గాలి పీడనం కొలిచే రంధ్రాలను ముందే మూసి, పని అయ్యాక తప్పకుండా తెరవాలి. రాడార్ మూత మీద లోహపు పొడి కలిసిన రంగు పడకూడదు. మీ బల్ల మీద వీటిలో ఏది అవసరం?

పైగా సమానమైన రంగు పెయింట్ హ్యాంగర్ నుంచి బయటికి వచ్చిన రోజు ముచ్చట. తర్వాత ఎండకు వెలుస్తుంది. అక్కడక్కడా దిద్దిన రంగు వేరే ఛాయలో తేలుతుంది. మనుషులు ఎక్కి నడిచేచోట రాపిడి, ఇంజిన్ల వెనుక మసి. మోడల్ ఆ బతుకును చూపిస్తేనే నాకు నిజమనిపిస్తుంది.

సాగర్‌నగర్ కుంచె
అసలు పద్ధతి అంటే స్ప్రే గన్ ఒక్కటే కాదండీ. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికి వెళ్తూ, బ్రిటన్ నౌక హెర్మిస్ మీది సీ హారియర్ యుద్ధవిమానాల తెల్లటి అడుగుభాగాలకు ముదురు బూడిద రంగును కుంచెలతోనే పూశారు. తోటి నౌక ఇన్విన్సిబుల్ మీద స్ప్రే చేశారు. అదే విమానం, అదే యుద్ధం! రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద దాడికి ముందు, మిత్రరాజ్యాల నలుపు తెలుపు చారలు చాలా విమానాల మీద హడావుడిగా చేత్తో పడ్డాయి, అంచులు వంకర్లు పోయాయి. అక్కడ మాస్కింగ్ టేపుతో తీసిన సూటి చారే అబద్ధం.

తీరంగాలి
వంకర చారకు ఫొటో ఆధారం ఉంది, ఒప్పుకుంటాను. మసికీ ఉంది. అతుకుల నల్లగీతకు ఆధారం ఏది?

గాజువాక కిట్లు
హ్యాంగర్ నుంచి తప్పక నేర్చుకోవలసింది ఒకటుంది: తేమ అదుపు. మన ఊళ్ళో వానాకాలం లాకర్ (చాలా త్వరగా ఆరే రకం) రంగు కొడితే థిన్నర్ వేగంగా ఆరుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు తెల్లబారుతుంది. ఎయిర్‌బ్రష్‌కు గాలి పంపే కంప్రెసర్‌కు నీటిని పట్టే గొట్టం ఉన్నా, గదిలోని తేమను అది ఆపలేదు.

హ్యాంగర్ పాతకాపు
ఆధారం అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. బీచ్ రోడ్డు విమానం మీది మరకలను ఫొటో తీసి మోడల్‌కు ఎక్కించవద్దు. ఈ రకం విమానాలు 1988 నుంచి 2017 వరకు నౌకాదళంలో ఎగిరాయి. సముద్రం మీద తిరిగే విమానాలను మంచినీళ్ళతో కడగడం మామూలు పని. ఇప్పుడు అది కెరటాల ఎదుట ఆరుబయట కదలకుండా నిలబడి ఉంది. దాని మీది మరకలు వేరు, ఎగిరే విమానం మరకలు వేరు. నల్లగీత విషయంలో మాత్రం మీకు సగం మద్దతిస్తాను. రెక్కల వెనుక అంచున కదిలే ఫ్లాప్‌లు, రడ్డర్ చుట్టూ ఉండేవి నిజమైన సందులు, లోపల చీకటే. అక్కడ ముదురు వాష్ న్యాయం. కదలని రేకుల అతుకులకు అసలు రంగు కంటే ఒక ఛాయ ముదురు సరిపోతుంది.

తీరంగాలి
సందులకు సరే. అతుకులకు ఆ ఒక్క ఛాయ కూడా నేను వేయను. కాదనేవారు ఎగిరే రోజుల్లో తీసిన ఫొటో పెట్టండి, మ్యూజియానిది వద్దు.