చర్చ: రాక్ బ్యాండు రామదాసు కీర్తన పాడి లంకలకు డబ్బు పంపితే తప్పేంటి?

అమలాపురం_అబ్బాయి:
మా ఊరి ఇంజనీరింగ్ కుర్రాళ్ళు నలుగురు రామదాసు కీర్తన ఒకటి ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్‌తో రికార్డు చేసి వీడియో పెట్టారు. వచ్చిన డబ్బంతా గోదావరి మధ్యలో ఉండే లంక గ్రామాల వరద సాయానికట. రెండ్రోజులుగా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గొడవ. మీరేమంటారు?

భజన_మాస్టారు:
చూశాను. డ్రమ్స్ వాయించే అబ్బాయి కాళ్ళకి బూట్లున్నాయి. వెనకాల గోడకి సీతారాముల పటం ఉంది. ఇంక మాట్లాడ్డానికేముందండీ?

గోదారి_గట్టు:
పెడల్ తొక్కాలి కదా మాస్టారూ 😀

భజన_మాస్టారు:
నలభై ఏళ్ళు మృదంగం పక్కన కూర్చున్నాను. బూట్లు కావాలని ఎవరూ అడగలేదు.

రికార్డుల_పిచ్చోడు:
బూట్ల దగ్గరే ఆగిపోతే ఎలాగండీ? 1969లోనే బీటిల్స్ బ్యాండు గిటారిస్టు జార్జ్ హారిసన్ లండన్ రాధాకృష్ణ మందిరం భక్తులతో హరేకృష్ణ మంత్రం రికార్డు చేయించాడు. అది బ్రిటన్ హిట్ పాటల పట్టికలో 12వ స్థానం దాకా వెళ్ళింది. 1971లో రవిశంకర్ గారు అడిగితే బంగ్లాదేశ్ శరణార్థుల కోసం న్యూయార్కులో కచేరీ పెట్టాడు. మీ భజనలో ఉండే హార్మోనియం కూడా ఐరోపా నుంచి దిగిందే. అప్పుడు లేని అపచారం గిటారుకి ఎలా వచ్చింది?

రావులపాలెం_ఆడిటర్:
రెండు వేరు వేరు విషయాలు కలిపేశారు. హరేకృష్ణ రికార్డు వరద సాయానికో, కరువు సాయానికో చేసింది కాదు. కచేరీ సంగతికొస్తే, టికెట్ల డబ్బు సుమారు 2,43,000 డాలర్లు యూనిసెఫ్‌కి చేరింది. ఆల్బమ్ మీద, సినిమా మీద వచ్చిన పెద్ద మొత్తం మాత్రం ముందుగా పన్ను మినహాయింపు చూసుకోకపోవడంతో ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయింది. బీటిల్స్ ఆయనకే ఆ గతి పట్టింది. ఈ కుర్రాళ్ళకి ట్రస్టు ఉందా? చందా ఇచ్చినవాళ్ళకి పన్ను తగ్గించే 80జీ గుర్తింపు ఉందా? ఎవరి ఖాతాలో పడుతోంది? వీడియో కింద ఒక ఫోన్ పే నంబరు తప్ప ఏమీ లేదు.

భజన_మాస్టారు:
ఖాతా సరే. బూట్ల సంగతి ఎవరూ చెప్పరేం?

లంక_రైతు:
ఆడిటర్ గారడిగిందే నేనూ అడుగుతున్నా. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు మా లంకంతా నీళ్ళే. అరటి పోయింది, గేదెల్ని గట్టెక్కించడానికి నాటు పడవ దొరకలేదు. అప్పుడు దేవుడి పేరు చెప్పి ఎవరెవరో చందాలు పోగేశారు. మా పేటకి వచ్చింది పులిహోర పొట్లాలు, ఫొటోగ్రాఫరు.

పాత_గట్టు:
71 ఒక లెక్కా అండీ? 86లో 75.6. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. అటక మీద పడుకున్నాం.

లంక_రైతు:
పోటీయా బాబాయ్ ఇది?

రికార్డుల_పిచ్చోడు:
మళ్ళీ అసలు విషయానికొద్దాం. పాత పద్ధతి, పాత పద్ధతి అంటున్నారు. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఇవాళ మనం పాడుకునే వరసలు చాలావరకు రాళ్ళపల్లి, నేదునూరి, బాలకృష్ణప్రసాద్ గార్లలాంటి వాళ్ళు మన కాలంలో కట్టినవే. రామదాసు కీర్తనలు కూడా అంతే, మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గారి గొంతులో ఒకలా ఉంటాయి, పల్లెటూరి భజనలో ఇంకోలా ఉంటాయి. వరస ఎవడబ్బ సొమ్మూ కాదు. ఎవరైనా పాడుకోవచ్చు.

భజన_మాస్టారు:
ఎవడబ్బ సొమ్మూ కాదా? వాళ్ళు పాడిన వరస మా నాన్నది. బాలమురళి గారిది కాదు, రేడియోలోది కాదు. చరణం చివర తాళం ఆపి మళ్ళీ పల్లవి ఎత్తుకోవడం మా గుళ్ళో తప్ప ఎక్కడా లేదు. ఆ కుర్రాళ్ళలో ఒకడు చిన్నప్పుడు ధనుర్మాసమంతా మా అరుగు మీద కూర్చుని నేర్చుకున్నాడు. వీడియోలో ఏం రాశారు? ‘సంగీతం: మా బ్యాండు’. కల్యాణానికి స్టేజీ ఆర్కెస్ట్రా వాళ్ళకిచ్చి, మమ్మల్ని ధ్వజస్తంభం వెనక్కి నెట్టినప్పుడు కూడా నోరెత్తలేదు. ఇప్పుడు వరస కూడా పట్టుకుపోయారు. ఒక్క ఫోన్ చేసి ‘మాస్టారూ, పాడుకుంటాం’ అంటే కాదంటానా?

గోదారి_గట్టు:
అదీ సంగతి. ఇందాకట్నుంచి బూట్లు బూట్లు అంటుంటే ఏంటా అనుకున్నా.

భజన_మాస్టారు:
బూట్లూ తప్పే.

అమలాపురం_అబ్బాయి:
వాళ్ళతో మాట్లాడానండి. మీ నాన్నగారి పేరు వేస్తామంటున్నారు.

రికార్డుల_పిచ్చోడు:
పేరు వేయండి, మంచిదే. కానీ ప్రతిదానికీ ఊళ్ళో అందరి దగ్గరా అనుమతి తీసుకుంటూ కూర్చుంటే ఏ పాటా బయటికి రాదు. మంచి పని కోసమే కదా చేశారు. ఆ మాత్రం చూసీచూడనట్టు పోవాలి.

లంక_రైతు:
మీరు పోతారండీ, పోయేది మీది కాదు కాబట్టి. మాస్టారి వరస అడక్కుండా తీసుకున్నారు. మమ్మల్నీ అడగలేదు. రెండో నిమిషం దగ్గర మునిగిన పెంకుటిల్లు చూపించారు కదా, దాని మీద ‘ఆదుకోండి’ అని పెద్ద అక్షరాలు కూడా వేశారు. గుమ్మంలో నడుం లోతు నీళ్ళలో నిలబడింది మా అమ్మ. నా కూతురి పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం, అటువైపు వాళ్ళు ఆ వీడియో చూసి ఫోన్ చేశారు. ముందు ఆ ముక్క తీసేయమనండి. డబ్బు మా పేటకొస్తుందా, పక్క పేటకొస్తుందా అన్నది తర్వాత మాట్లాడదాం.

అమలాపురం_అబ్బాయి:
చెప్తానండి.

రికార్డుల_పిచ్చోడు:
అది తీసేస్తే వీడియోకి ఎవరు డబ్బులు పంపుతారు?

లంక_రైతు:
పంపొద్దు.