థోరియస్ సలమాండర్లు: కొండకో జాతా?

ఫార్మలిన్‌రావు: థోరియస్ అంటే బల్లిలా కనిపించే బుల్లి ఉభయచరాలు, సలమాండర్లలో ఒక ప్రజాతి. 2016లో మెక్సికోలోని ఒవాహాకా రాష్ట్రం నుంచి ఒకేసారి మూడు కొత్త థోరియస్ జాతులు: పినికోలా, లాంగికాడస్, ట్లాక్సియాకస్. మూతి నుంచి మలద్వారం దాకా మూడు సెంటీమీటర్లు కూడా లేని ప్రాణికి ముక్కురంధ్రం గుండ్రమా, కోలా అని చూసి జాతి తేలుస్తారా? ఆల్కహాల్‌లో ముడుచుకుంటే ఆ ఆకారం నిలుస్తుందా?

తడినాచు: ముక్కొక్కటే కాదండీ. డీఎన్‌ఏ చూశారు, ఎముకలు చూశారు, పళ్ళు చూశారు. చాలా థోరియస్‌లకు పెద్దయ్యాక కూడా పై దవడ పళ్ళుండవు, కొన్నిటికి ఉంటాయి.

ఫార్మలిన్‌రావు: ఎముకలా! ఇంత చిన్నదాన్ని మృదులాస్థికి పట్టే నీలి రంగు ఆల్షియన్ బ్లూలో ఎక్కువసేపు వదిలేస్తే అందులోని ఎసిటిక్ ఆమ్లం కాల్షియాన్ని లాగేస్తుంది. ఆపైన ఎముకకు పట్టాల్సిన అలిజరిన్ ఎరుపు పట్టదు, ఉన్న ఎముకను లేదని రాసేస్తారు. మణికట్టు ఎముకలైతే ఒకే జంతువులో కుడికీ ఎడమకీ తేడా రావచ్చు.

గోపి_జీవశాస్త్రం: తోక పొడవు జోలికి అసలు పోకండి. ఊడి మళ్ళీ మొలిచిందేమో చూడకుండా కొలిచేవాళ్ళే ఎక్కువ.

తడినాచు: అందుకేగా డీఎన్‌ఏ కోసం ముందే కాలేయం ముక్క తీసి 95 శాతం ఇథనాల్‌లో వేసేది. తర్వాతే శరీరానికి 10 శాతం ఫార్మలిన్, ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్. వరస తప్పితే ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది, పాత సీసాల్లోని నమూనాలతో ఇదే తంటా.

ఫార్మలిన్‌రావు: ఆ ముక్కలున్న మ్యూజియంకి రాస్తే మాలాంటివాళ్ళకు జవాబే రాదు. చూడనివ్వరు, నమ్మమంటారు!

తడినాచు: మీ నమూనాల అరువు గొడవకీ జాతికీ ఏమిటండీ సంబంధం? ఒవాహాకాలోని సెర్రో శాన్ ఫెలిపే కొండ మీద నారిసోవాలిస్, పల్మొనారిస్ అనే రెండు థోరియస్‌లు ఒకేచోట ఉంటూ కూడా విడిగానే ఉన్నాయి. అవీ ఒకటేనంటారా?

ఫార్మలిన్‌రావు: ఎవరన్నారు? పక్కపక్కనే ఉండి కలవకపోతే రెండు జాతులే, ఒప్పుకుంటా. నా పేచీ వేర్వేరు కొండల మీద ఉన్నవాటితో. ఊపిరితిత్తుల్లేవు, ముఖ్యంగా తడి చర్మంతోనే శ్వాస, ఎండిన లోయ దాటలేవు. దాటలేకపోవడం వేరు, దాటినా జతకట్టకపోవడం వేరు.

తడినాచు: జతకడతాయో లేదో చూసే ఆ పరీక్ష అయ్యేదాకా పేరు ఆపాలా? నారిసోవాలిస్ ఒకప్పుడు దుంగ తిప్పితే బోలెడు, ఇప్పుడు వెతుక్కోవాలి. పేరే లేనిదాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల ఎర్ర జాబితాలో ఎలా ఎక్కిస్తారు?

ఫార్మలిన్‌రావు: అదీ అసలు సంగతి! రక్షణ కోసం పేరన్నమాట.

తడినాచు: కాదు సార్, వంశం వేరని తేలింది కాబట్టే పేరు. మీకింకా అనుమానముంటే రోడ్డు పక్క శిఖరాల నమూనాలు చాలవు. రెండు కొండల మధ్య వాలుల్లో, వానాకాలంలో, అడవి ఎంత కిందికి దిగితే అంత కిందికి వెతకాలి. అక్కడా దొరక్కపోతే మీ పరీక్షకు జంతువే ఉండదు.