రెపో తగ్గింది, నా ఇంటి లోన్ వడ్డీ ఎందుకు తగ్గలేదు?

పర్లాకిమిడి, బట్టల షాపు:
2018లో ఇంటి లోన్ తీసుకున్నాను. ఇంకా పన్నెండు లక్షలు బాకీ. 2025లో రిజర్వు బ్యాంకు రెపోను, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ రేటును, 6.50 శాతం నుంచి 5.25కి దించింది. ఏటికి అవతల పాతపట్నంలో మా బావ 2021లో తీసుకున్న లోన్‌కి ఒకటింపావు శాతం తగ్గింది. నాది అరశాతం కూడా దిగలేదు. బ్యాంకులో అడిగితే "సిస్టం ప్రకారమే సార్" అంటారు. ఆంధ్రాకో రూలు, ఒడిశాకో రూలా?

రాయగడ, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
రాష్ట్రంతో పని లేదండీ, తేడా లోన్ తీసుకున్న ఏడాదిలో ఉంది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) ఇంటి లోన్లను రెపో లాంటి బయటి రేటుకే ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. మీ బావగారిది ఆ లెక్క.

మీది ఎంసీఎల్ఆర్ అనే రేటుకి ముడిపెట్టిన లోన్ అయ్యుండాలి. ఆ రేటును బ్యాంకు తాను డబ్బు సమకూర్చుకునే ఖర్చును బట్టి తానే లెక్కగడుతుంది. ఆ ఖర్చులో పెద్ద వాటా డిపాజిట్ల వడ్డీది. అది తగ్గిస్తే జనం డబ్బు పక్క బ్యాంకుకో, మ్యూచువల్ ఫండ్‌కో పట్టుకుపోతారని భయం, అందుకే మెల్లగా దించుతారు. పైగా ఎంసీఎల్ఆర్ తగ్గినా, మీ రీసెట్ తేదీ, అంటే మీ లోన్ వడ్డీని సవరించే తేదీ, వచ్చేదాకా మీకు అందదు. చాలా లోన్లకి అది ఏడాదికోసారే.

రెపో లింకుకి మారతానని రాసివ్వండి. మామూలు ఫ్లోటింగ్ ఇంటి లోన్ అయితే కాగితాల ఖర్చు తప్ప మార్పిడి ఫీజు ఉండకూడదు. ముప్పావు శాతం తగ్గినా మొదటి ఏడాదే దాదాపు తొమ్మిది వేలు మిగులుతుంది. ఇలాంటిది బ్యాంకే పిలిచి చెప్పాలి. చెప్పకపోవడం తప్పని నేను సర్వీసులో ఉన్నప్పుడూ అనేవాణ్ణి.

జయపురం, రైస్ మిల్లు:
మారండి గానీ ఇదీ తెలుసుకోండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో 4 నుంచి 6.50కి ఎక్కింది. రెపో లింకు లోన్ల మీద ఆ పెంపు వెంటనే పడింది. మా తమ్ముడికి ఈఎంఐ అలాగే ఉంచి గడువు పెంచేశారు, వాడు చాన్నాళ్లు గమనించనేలేదు. ఇప్పుడు రీసెట్ సమయంలో ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది మనల్ని అడగాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది.

పర్లాకిమిడి, బట్టల షాపు:
శాంక్షన్ లెటర్ తీసి చూశాను. ఎంసీఎల్ఆరే, రీసెట్ మార్చిలో. అప్పటిదాకా ఆగనా?

రాయగడ, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
ఆగొద్దు. ముందు రెపో మీద ఎంత మార్జిన్ (బ్యాంకు అదనంగా కలిపే శాతం) వేస్తారో రాతలో అడగండి, మీ లాభం తేలేది అక్కడే. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.