గుడ్డు పగలని డబ్బా: స్కూలు పోటీకి సలహా కావాలి

రాజోలు_నాన్న:
అందరికీ నమస్కారమండి. మా పెద్దోడు ఏడో తరగతి. స్కూల్లో సైన్సు పోటీ పెట్టారు. పచ్చి కోడిగుడ్డుని డబ్బాలో పెట్టి డాబా మీంచి వదలాలి, ఎత్తు 7 మీటర్లు. డబ్బా ఏ వైపు కొలిచినా 20 సెంటీమీటర్లు దాటకూడదు, గుడ్డుతో కలిపి 300 గ్రాములు మించకూడదు, పారాచూట్ కట్టకూడదు. నిన్న థర్మోకోల్ పెట్టెలో దూది కూరి కూరి పెట్టాం, వేలు కూడా దూరనంత. మేడ మీంచి మూడుసార్లు వేశాం. మూడూ పోయాయి. దూదికి పట్టిన సొన వాసన ఇంకా చేతులకి వదల్లేదు. ఇక గుడ్లు ఇచ్చేది లేదని ఇంటావిడ తేల్చి చెప్పేసింది. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

గోదారి_గాలి:
పారాచూట్ వద్దన్నారా, బతికిపోయారు. మా మేనకోడలి స్కూల్లో నిరుడు వద్దనలేదు. గాలికి కొట్టుకుపోయి పక్కనున్న రొయ్యల చెరువులో పడింది. గుడ్డుకేం కాలేదు గానీ, పిల్లలంతా గట్టెక్కేసరికి చెరువు ఆసామి విరుచుకుపడ్డాడు.

లెక్కల_మేడమ్:
బాబూ, తప్పు దూదిది కాదు, కూరడానిది. రిటైరయ్యాక కూడా లెక్క చెప్పే అలవాటు పోలేదు, ఓపిగ్గా వినండి.

7 మీటర్ల నుంచి వదిలిన వస్తువు 1.2 సెకన్లలో నేలకి తగులుతుంది. అప్పటికి దాని వేగం గంటకి 42 కిలోమీటర్లు. అంటే ఏటిగట్టు మీద బండి పోయే వేగం. ఆ వేగమంతా ఎంత దూరంలో ఆగుతుందన్నదే అసలు సంగతి. పడిన ఎత్తుని ఆగిన దూరంతో భాగించండి, గుడ్డు బరువుకి సుమారు అన్ని రెట్ల దెబ్బ. మీ దూది బిగిసిపోయి అర సెంటీమీటరు అణిగిందనుకుందాం. 7 మీటర్లు భాగించు అర సెంటీమీటరు, 1,400 రెట్లు. గుడ్డు 55 గ్రాములైతే 77 కిలోలు! మీ గుడ్డు మీద ధాన్యం బస్తా ఎత్తి పెట్టినట్టే.

అదే 5 సెంటీమీటర్లు అణిగేలా చూస్తే 140 రెట్లు, అంటే ఏడున్నర కిలోల పైచిలుకు. గుడ్డుని రెండు గట్టి పలకల మధ్య నొక్కితే మూడు నాలుగు కిలోలకే చిట్లుతుంది గానీ, మెత్తటి గూట్లో ఒళ్లంతా ఒత్తిడి పంచితే ఇంకా ఓర్చుకుంటుంది. 20 సెంటీమీటర్ల పెట్టెలో గుడ్డు నడిమధ్యన ఉంటే ప్రతి వైపూ 7 సెంటీమీటర్లు మిగులుతాయి. ఏదీ పూర్తిగా అణగదు, 5 వస్తే గొప్పే. అందుకని వదులుగా పెట్టండి.

పీచు_మిల్లు:
ఆయ్, కోనసీమలో ఉండి థర్మోకోల్ ఏంటండీ. కొబ్బరికాయ రోజూ చేస్తున్న పనేగా ఇది. యాభై అడుగుల చెట్టు మీంచి నేల మీద పడి చిప్ప పగలకుండా ఉంటోందంటే అది పైనుండే పీచు డొక్క మహిమే. ఎండు డొక్కని రెండు ముక్కలు చేసి మధ్యలో గుడ్డు పెట్టి పురికోసతో కట్టేయండి.

రాజోలు_నాన్న:
మొదట అదే అనుకున్నామండి. ఖాళీ డొక్క ఒక్కటే కాటాలో 300 దాటేసింది.

పీచు_మిల్లు:
అయితే పీచు ఒక్కటే వాడండి. పొట్టు బాగా దులిపి, వేళ్లతో విడదీసి, పిట్టగూడులా చుట్టండి. ఉండ చేసి నొక్కొద్దు. ఒక్క మాట, పీచుకి ఎగిరే గుణం ఉంది. కింద పడ్డాక పెట్టె ఒక గెంతు గెంతి ఇంకో వైపు పడుతుంది. ఆరు వైపులా ఒకేలా ఉండాలి.

పాలకొల్లు_పిన్ని:
మా అమ్మమ్మ గుడ్లు సంతకి పంపేటప్పుడు గంపలో ఊక పోసి అందులో పాతేది. అది వాడొచ్చా?

మెకానికల్_తమ్ముడు:
పిన్నిగారూ, గంపకి బాగుంటుంది, పోటీకి వద్దు. ఊక జారుతుంది. నాలుగు కుదుపులకే గుడ్డు మెల్లగా పక్కకి జరిగి గోడకి ఆనుతుంది. ఇక చుట్టూ ఎంత ఊకుంటే ఏం లాభం?

నాన్నగారూ, ఇంకోటి. గుడ్డుని నిలబెట్టొద్దు, పడుకోబెట్టండి. నిలువుగా ఉంటేనే బలం అని మాకూ చిన్నప్పట్నించీ చెప్పారు. 2025లో అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 180 గుడ్లు గట్టి నేల మీద వదిలి చూశారు, ఎత్తు 8 నుంచి 10 మిల్లీమీటర్లే. 8 మిల్లీమీటర్ల దగ్గర నిలువుగా పడినవి సగానికి పైగా చిట్లాయి. అడ్డంగా పడినవి పదింట ఒకటి కూడా లేదు. అడ్డంగా ఉన్నప్పుడు పెంకు కొంచెం వంగి, పగలకముందే దెబ్బని ఎక్కువ మింగుతుందని వాళ్లు చెప్పింది.

కోళ్ల_షెడ్డు:
తమ్ముడూ, మాది అనపర్తి వైపు. రోజూ ట్రేకి ముప్పై చొప్పున, ఏడు ట్రేలకి 210 లెక్కన కట్టి కలకత్తా లారీలు ఎక్కిస్తాం. ఒక్క గుడ్డు కూడా పడుకోదు. అన్నీ సన్న కొస కిందికే.

మెకానికల్_తమ్ముడు:
అన్నయ్యా, మీది బరువు మోసే లెక్క, నిల్వ లెక్క. గుడ్డు లావు కొసలో ఉండే గాలి గది పైకి ఉండాలి కాబట్టి అలా పెడతారు. ఇది పడే లెక్క. రెండూ వేరు.

కోళ్ల_షెడ్డు:
సరే, నీ మాటే కానీ. అయితే బరువు మోసేది కూడా గుడ్లు కాదులే. ట్రేలో గుడ్ల మధ్యన పైకి లేచిన బొడిపెలుంటాయి చూశావా, పై ట్రే వాటి మీద కూర్చుంటుంది. ట్రే చెమ్మకి మెత్తబడి ఆ బొడిపెలు కుంగితేనే అడుగువి చిట్లేది. నాన్నగారూ, మీ పెట్టెలో కూడా గుడ్డు మీద ఏ బరువూ పడకుండా చూసుకోండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. ముందు గుడ్డుని ఎంచుకోండి! ముసలి కోడి గుడ్డు పెద్దది, పెంకు పల్చన. ఎండలు ముదిరితే కోళ్లు రొప్పుతాయి, పెంకు ఇంకా పల్చబడుతుంది. కొత్తగా పెట్టడం మొదలెట్టిన కోళ్ల చిన్న గుడ్లు, పుల్లెట్ గుడ్లంటాం, అవి అడిగి తీసుకోండి. తెచ్చాక రెండేసి చేతిలో పట్టుకుని చెవి దగ్గర మెల్లగా ఒకదానికొకటి తాకించండి. మంచివైతే గోలీలు తాకినట్టు టిక్కుమంటాయి. వెంట్రుకంత చీలిక ఉన్నా బొంగురు చప్పుడు వస్తుంది. మా షెడ్డులో ఆడవాళ్లు ట్రే సర్దుతూ ఆ చప్పుడుతోనే ఏరేస్తారు, కళ్లతో చూడరు కూడా.

రాజోలు_నాన్న:
మూడు రోజుల తర్వాత వచ్చాను. అందరూ చెప్పినవి కలిపేశాం. చెప్పుల అట్టపెట్టె కోసి 19 సెంటీమీటర్ల పెట్టె చేశాం. పోయిన మాఘమాసం పెళ్లిళ్ల శుభలేఖలు ఇంట్లో బోలెడు ఉంటే, వాటిని గొట్టాల్లా చుట్టి ఎనిమిది మూలలా లోపల్నుంచి పెట్టాం. అవి మడతపడితే మళ్లీ లేవవు, అందుకని గెంతడం తగ్గింది. మధ్యలో పీచు గూడు, అందులో వాడి పాత మేజోడులో గుడ్డు, పడుకోబెట్టి. మొత్తం 285 గ్రాములు.

నాలుగుసార్లు వేశాం. మూడు బాగున్నాయి. ఒకటి పోయింది. విప్పి చూస్తే పీచులో గోరంత డొక్క ముక్క ఉండిపోయింది, సరిగ్గా అది ఆనిన చోటే పెంకు లోపలికి దిగింది. ఇప్పుడు మావాడు దువ్వెన పెట్టి పీచు దువ్వుతున్నాడు.

గోదారి_గాలి:
వాడి తల ఎప్పుడైనా అంత శ్రద్ధగా దువ్వుకున్నాడా?

లెక్కల_మేడమ్:
గొట్టాల ఆలోచన ఎవరిది? మీదా, పిల్లాడిదా?

రాజోలు_నాన్న:
వాడిదేనండి. శుభలేఖలు పారెయ్యొద్దన్నది మాత్రం వాళ్లమ్మ.

ఈరోజే పోటీ అయ్యింది. పదకొండు డబ్బాల్లో మాదొకటి, ఇంకో అమ్మాయిది ఒకటి నిలిచాయి. ఆ అమ్మాయి మరమరాల సంచిలో పెట్టింది, మాకు తట్టనే లేదు. ఇద్దరికీ తేడా తేల్చాలని ఇంకో అంతస్తు పైనుంచి వేయించారు. ఆ అమ్మాయి గుడ్డు కారింది. మాది కారలేదు. కానీ మేష్టారు ఎండకి పెట్టి చూస్తే పెంకు మీద సన్నటి గీత ఉంది. లోపలి పొర తెగలేదు, చుక్క కూడా బయటికి రాలేదు. పగిలినట్టా, పగలనట్టా అని అక్కడే అరగంట వాదన. సోమవారం చెబుతామన్నారు. మీరేమంటారు?

మెకానికల్_తమ్ముడు:
కారలేదంటే గెలిచినట్టే.

లెక్కల_మేడమ్:
నిబంధనల్లో ‘పగలకూడదు’ అని రాశారా, ‘కారకూడదు’ అని రాశారా? ముందది చూడండి.

కోళ్ల_షెడ్డు:
మా దగ్గరైతే ఆ గుడ్డు పక్కన పెట్టేసి, సాయంత్రం బేకరీవాడు వస్తే తక్కువ రేటుకి ఇచ్చేస్తామండి.