కిండో గారి సంస్మరణ: హాలు లేదన్నారు, వెంటనే చూడగలరు

కార్యదర్శి, జనవరి 9, 2021, రాత్రి 8.40
అందరికీ నమస్కారం. డిసెంబరు 31న రూర్కెలాలో కన్నుమూసిన హాకీ ఆటగాడు మైకేల్ కిండో గారి సంస్మరణ కోసం 17వ తేదీ ఆదివారానికి మనం మాట్లాడుకున్న బడి హాలు ఇవ్వలేమని సాయంత్రం కబురు వచ్చింది. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలకు నిన్నటి నుంచి పాఠాలు మొదలయ్యాయి కాబట్టి, ఈ కోవిడ్ రోజుల్లో బయటివారిని లోపలికి రానివ్వరట. ఫ్లెక్సీ, మైకు, ఉపన్యాసాలు, పిల్లల మ్యాచ్, ఉప్మా అని వేసుకున్న పట్టికలో ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రేపటిలోగా రాయండి. రాయగడలో వేరే చోటు తెలిసినవారు అది ముందుగా చెప్పండి.

మాస్టారు, 9.05
ఫ్లెక్సీ మాటలు సిద్ధం చేశాను: 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కాంస్యం, అదే సంవత్సరం అర్జున పురస్కారం, 1975 కౌలాలంపూర్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఫుల్‌బ్యాక్. నాకు అందిన నమూనాలో ‘పాకిస్తాన్‌పై గెలుపు గోలు వీరుడు’ అని ఉంటే కొట్టివేశాను. ఫైనల్లో ఆ గోలు అశోక్ కుమార్‌ది. డిఫెండరును గౌరవించడానికి ఆయన కొట్టని గోలు ఆయనకు అంటగట్టనక్కరలేదు.

ఆటల బాధ్యుడు, 9.20
ఫ్లెక్సీ సరే మాస్టారూ, దానిని కట్టడానికి గోడ ఏది? ఆ హాలుకు బయానాగా ఇచ్చిన మూడు వేలకు రసీదు కూడా లేదని ఇప్పుడే విన్నాను. అడిగి పుచ్చుకోవలసిన బాధ్యత ఎవరిదో కోశాధికారి గారే చెప్పాలి.

కోశాధికారి, 9.31
తాళంచెవులు చూసుకునే మనిషి చేతిలో నేనే పెట్టి వచ్చాను. ఉగాది లెక్కలప్పుడు నన్ను ఎవరూ రసీదు అడగలేదు. ఈ రోజు అందరి ముందూ అడుగుతున్నారు. పుస్తకం, పెట్టె రేపు ఉదయం కార్యదర్శి గారి ఇంట్లో అప్పగిస్తాను. మీరే చూసుకోండి.

బాబాయిగారు, 10.15
పెట్టె ఎక్కడికీ కదలదు. 1975 మార్చిలో మిల్లు క్వార్టర్సులో మా నాన్నగారి రేడియో చుట్టూ పదిహేనుమందిమి కూర్చున్నాము. మలేసియాతో సెమీఫైనల్లో 1-2తో వెనుకబడి, ఆట ముగియడానికి నిమిషాలే మిగిలిన వేళ, కిండోను బయటికి పిలిచి అస్లం షేర్ ఖాన్‌ను దింపారు. పెనాల్టీ కార్నరు నుంచి అస్లం స్కోరు సమం చేశాడు, అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గోలుతో 3-2 గెలిచాము. మేమంతా అస్లం పేరు అరుస్తుంటే, మా నాన్న మాత్రం ‘ఆ బయటికి వచ్చినవాడు ఎలా ఉన్నాడో’ అన్నారు. నాకు అప్పటి నుంచే కిండో పేరు గుర్తు. హాలు దొరకకపోతే నాగావళి ఒడ్డు ఉంది కదా, అక్కడ మనల్ని ఎవరు పొమ్మంటారు?

ఆటల బాధ్యుడు, 10.40
కోశాధికారి గారూ, నోరు జారాను, మన్నించండి. ఒడ్డున ఇసుకలో బంతి దొర్లదు గానీ, పైన చింతచెట్ల దగ్గర నేల గట్టిగా ఉంది. వెదురు పాతి గోలు కడతాము. కర్రలు తొమ్మిదే ఉన్నాయి కాబట్టి, మిగతా పిల్లలకు సుందర్‌గఢ్ పల్లెల్లోలాగా కొమ్మలు వంపు చూసి నరికి ఇస్తాము. అక్కడి ఖాసీ (మేకపోతు) హాకీ పోటీల్లో గెలిచిన జట్టుకు మేకపోతునే ఇస్తారు, మనమూ షీల్డు మానుకొని అలాగే ఇద్దామా?

కోశాధికారి, జనవరి 10, ఉదయం 6.50
మేకపోతుకు పెట్టెలో డబ్బు లేదు. మా పెరట్లో నాటు పుంజు ఉంది, ఇస్తాను. సంక్రాంతి మూడు రోజులూ దానిని మా బావమరిది కంట పడకుండా దాచడం మాత్రం మీ పూచీ.

వదినగారు, 7.30
పొయ్యి, గిన్నెలు ఏటి ఒడ్డుకు మోయడం నా వల్ల కాదు. పండుగ అరిసెలు ఎలాగూ మిగులుతాయి, ఇంటికి పది చొప్పున తెస్తే ఉప్మా అక్కరలేదు. మాస్కు లేని పిల్లలకు అరిసె ఇవ్వను, ముందే చెబుతున్నాను.

కార్యదర్శి, జనవరి 16, రాత్రి 9.10
మైకు గురించి ఎవరూ రాయలేదు, నేనూ అడగడం మానేశాను. బడివారి నుంచి మూడు వేలు ఇంకా రాలేదు.

మాస్టారు, 9.25
ఫ్లెక్సీ అచ్చు వేయించలేదు. చార్టు కాగితం మీద పేరు, 1972, 1975 నా చేత్తోనే తెలుగులోనూ ఒడియాలోనూ రాశాను. చెట్టుకు కట్టడానికి పురికొస ఎవరైనా తేగలరు.

కోశాధికారి, 9.40
నేను తెస్తాను. పుంజు కాళ్లకు కట్టగా మిగిలింది సరిపోతుంది.